సాదోవా 1866: స్వీప్‌వాల్డ్ అడవి నుంచి వెనక్కి వచ్చే ఆస్ట్రియన్ దళాలకు ఎంత సమయం ఇవ్వాలి?

ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య 1866 జులై 3న జరిగిన కోనిగ్‌గ్రాట్జ్ (సాదోవా) యుద్ధాన్ని మ్యాప్ మీద ఆడే వార్‌గేమ్‌గా మలచడంలో రెండు చిక్కులున్నాయి, తెలిసినవాళ్లు చెప్పగలరు.

మొదటిది తుపాకులు. ప్రష్యా ద్రైసే సూది తుపాకీని పడుకునే నింపొచ్చు, నిమిషానికి నాలుగైదు గుళ్లు. కానీ దాని పరిధి 600 మీటర్ల లోపే. పైగా వెనుక బిగింపులోంచి మంట ముఖం మీదికి చిమ్మేది, మందు మంటలో కాగి సూది విరిగేది. ఆస్ట్రియా లోరెంజ్ తుపాకీకి పరిధి ఎక్కువే, అయితే గుండు బాగా వంపు తిరిగి పోతుంది కాబట్టి దూరం తప్పు లెక్కేస్తే తలల మీదుగా వెళ్లిపోతుంది. ఆటలో, అడవిలో ఆ అదనపు పరిధికి విలువ సున్నా చేశాను. మరి బయటి పొలాల్లో ఎంత ఉంచాలి? బయోనెట్ దాడినే నమ్ముకున్న ఆస్ట్రియా సైన్యానికి పూర్తి విలువ ఇవ్వడం నాకైతే అన్యాయంగానే ఉంది.

అసలు తలనొప్పి రెండోది. ఖ్లుమ్-నెదెలిష్ట్ గ్రామాల వరుసను కాయాల్సిన ఆస్ట్రియా 2వ, 4వ కోర్‌లు (పెద్ద సైనిక విభాగాలు) ప్రష్యా జనరల్ ఫ్రాన్‌సెకీ డివిజన్ మీదికి స్వీప్‌వాల్డ్‌లోకి దిగిపోయాయి. ఆస్ట్రియా సేనాని బెనెడెక్ వాటిని వెనక్కి పిలిచేసరికి ప్రష్యా యువరాజు సైన్యం ఉత్తరం నుంచి వచ్చేస్తోంది. వాన, పొగ చాటున ప్రష్యన్ గార్డ్ దళం మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో ఖ్లుమ్‌ను పట్టేసింది. ఆటలో గంటకో టర్న్ (వంతు) లెక్కన, చెదిరిన ఆస్ట్రియన్ బెటాలియన్లు తిరిగి వరుసకట్టడానికి ఒక టర్న్ చాలా, రెండు కావాలా? ఒకటిస్తే ఖ్లుమ్ ప్రతిసారీ ఆస్ట్రియా చేతిలోనే నిలబడిపోతోంది!