రాగి జావ తాగితే షుగర్ పెరుగుతోంది, సంగటి తింటే పెరగట్లేదు. ఎందుకు?

పుంగనూరు_రోడ్డు:
అమ్మకు 61 ఏళ్లు, చిత్తూరులో ఉంటుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది. హిమోగ్లోబిన్ 9.8 ఉందని ఐరన్ మాత్రలు కూడా రాశారు. ఇడ్లీ, దోసె మానేసి పొద్దున్నే పెద్ద గ్లాసు రాగి జావలో బెల్లం ముక్క వేసుకుని తాగుతోంది. వెంటనే ఐరన్ మాత్ర, ఆపైన టీ. రెండు గంటలకు చూస్తే 240 దాటుతోంది. మధ్యాహ్నం సంగటి తిన్నరోజు మాత్రం 180 లోపే. రెండూ రాగులే కదా?

సంగటి_కట్టె:
రాగులే గానీ కడుపులోకి పోయాక రెండింటి దారి వేరు. మెత్తగా మరపట్టిన పిండిని అన్ని నీళ్లలో ఉడికిస్తే పిండిపదార్థం పూర్తిగా విచ్చుకుంటుంది. పలచన కాబట్టి కడుపులో నిలవదు, గబగబా గ్లూకోజ్ అయిపోతుంది. మొలకెత్తించి ఆడించిన పిండైతే ఇంకా వేగం. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని ముందే చక్కెరలుగా విరిచేస్తాయి. పసిబిడ్డకు అది మేలే, అమ్మకు కాదు. ఇక బెల్లం నూటికి 85 వంతులు చక్కెరే, అది మొదట మానిపించండి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగులకు పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, పీచు 11. బియ్యానికి 78, పీచు మూడు లోపే. కాల్షియంలో బియ్యం రాగుల (364 మి.గ్రా.) దరిదాపులకు రాదు. కానీ "రాగులు ఎంతైనా తినొచ్చు" అనేది ఒట్టి మాట. పిండి జల్లించి పొట్టు పారేస్తే పీచులో చాలా భాగం దాంతోనే పోతుంది.

సంగటి ఇలా చెయ్యండి. ఇద్దరికి 50 గ్రాముల బియ్యపు నూకలు, 100 గ్రాముల జల్లించని రాగి పిండి, 600 మి.లీ. నీళ్లు. నూకలు మెత్తబడ్డాక పిండి కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో నడిమధ్య బొక్క పెట్టి, మూతేసి సన్నమంట మీద 6-8 నిమిషాలు ఉంచి, దించి కెలకాలి. ముందే కలిపితే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి మిగులుతుంది. దీన్ని రెండు ముద్దలు చేస్తే ముద్దకు పిండిపదార్థం సుమారు 53 గ్రాములు. అమ్మకు ముప్పావు ముద్ద చాలు.

ఆకుకూర, పితుకుపప్పు ముందు తిని, సంగటి తర్వాత తినమనండి. న్యూయార్క్‌లో 2015లో చేసిన పరిశోధనలో కూరలు, మాంసం ముందు తిని, పావుగంట తర్వాత పిండి తిండి తిన్నప్పుడు గ్లూకోజ్ బాగా తక్కువ పెరిగింది. 11 మందితోనే చేశారు, అయినా ఖర్చులేని పని కాబట్టి పాటించొచ్చు.

ఒక జాగ్రత్త. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోతుంది. డాక్టరుకు చెప్పి మార్చండి. చెమట, వణుకు వచ్చి 70 కంటే దిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపిచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

ల్యాబ్_కిటికీ:
రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద దగ్గర్నుంచి, చెయ్యి కడిగినప్పట్నుంచి కాదు. పైగా ఇది మామిడి సీజన్. తోతాపురి కోసిన చేత్తోనే వేలు పొడిస్తే అంకె ఎక్కడికో పోతుంది. జపాన్‌లో 2011లో ఇదే పరీక్షించారు. పండు ఒలిచాక స్పిరిట్ దూదితో తుడిచినా తప్పు అంకెలే వచ్చాయి, కుళాయి నీళ్లతో కడిగాకే సరిపోయింది.

ఐరన్ లోపం ఉంటే మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అదొక్కటే చూసి మందు పెంచొద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడుతుంటే బీ12 కూడా చూపించండి.

నిమ్మనీళ్లు:
షుగర్ కన్నా ఆ ఐరన్ మాత్ర గురించి ఎక్కువ ఆలోచించాలి. రాగి పొట్టులో ఫైటేట్లు, పాలీఫినాల్స్, పైన చెప్పిన కాల్షియం, ఆపైన టీ. అన్నీ ఐరన్‌ను పేగులో అడ్డుకునేవే. తిండితో పాటు టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుందని పాత పరిశోధనలే తేల్చాయి. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దనే ఉంది.

మాత్రను పదకొండింటికి, చక్కెర వేయని నిమ్మనీళ్లతో వేసుకోమనండి. తర్వాత జామకాయ తినొచ్చు, 100 గ్రాముల్లో 200 మి.గ్రా.కు పైగా విటమిన్ సీ ఉంటుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడక్కర్లేదు. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే ఆపేయొద్దు. ఒంట్లో నిల్వలు నిండాలంటే మామూలుగా ఇంకో మూడు నెలలు పడుతుంది.

ఈ వయసులో ఐరన్ తగ్గితే తిండిలోపమే అనుకోవడం తప్పు. మొలలు, కడుపులో పుండు, ఇంకెక్కడైనా రక్తం పోతోందేమో చూపించండి.

పుంగనూరు_రోడ్డు:
బెల్లం మానిపిస్తాను. రాత్రంతా పులియబెట్టిన అంబలి పర్వాలేదా?

సంగటి_కట్టె:
పులిస్తే ఫైటేట్లు తగ్గుతాయి కాబట్టి ఐరన్ విషయంలో జావ కన్నా నయం. షుగర్ విషయంలో అంత నమ్మకం పెట్టుకోవద్దు, పిండి పిండే. 25 గ్రాముల పిండికి మించకుండా, మజ్జిగ కలిపి, పక్కన గుప్పెడు ఉడికించిన అలసందలతో ఇవ్వండి. ఉప్పు మాత్రం చూసుకోండి. రోజుకు 5 గ్రాముల లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంబలిలో ఒక చెంచా, నంజుకునే ఊరగాయలో ఇంకొంత అంటే పొద్దున్నే అది అయిపోతుంది.