ఆక్లాండ్‌లో సెకండ్ హ్యాండ్ ఏడు సీట్ల జపాన్ కారు: ఎస్టిమానా, ప్రియస్ ఆల్ఫానా?

ఉత్తరాంధ్ర అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. పిల్లలిద్దరు, పెద్దదానికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండు. ఇన్నాళ్లూ చిన్న కారుతో నెట్టుకొచ్చాం కానీ డిసెంబర్‌లో అత్తయ్యా మామయ్యా వస్తున్నారు, అందరం ఒకే బండిలో వెళ్లాలి కాబట్టి ఏడు సీట్లది చూస్తున్నాం. బడ్జెట్ 14,000 డాలర్లు, లోన్ వద్దనుకున్నాం. నాలుగు శనివారాలుగా తిరుగుతున్నాం, చూసినవన్నీ జపాన్ నుంచి వచ్చినవే. ఇప్పుడు రెండు మిగిలాయి. ఒకటి 2008 టయోటా ఎస్టిమా, 2.4 పెట్రోల్, 1,42,000 కిలోమీటర్లు, సొంత ఓనరే అమ్ముతున్నారు. రెండోది 2013 ప్రియస్ ఆల్ఫా, డీలర్ దగ్గర ఉంది, 98,000 తిరిగింది, రేటు 4,500 ఎక్కువ. ఇవాళే అడ్వాన్స్ కట్టకపోతే రేపటికి ఉండదని డీలర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మా ఆయనకి ఎస్టిమా నచ్చింది, నాకు పెట్రోల్ ఖర్చు భయం. మన ఊళ్లో అయితే తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లేవాళ్లం, ఇక్కడ ఎవరూ తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది.

పదేళ్లుగా ఇక్కడే:
ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. ఆల్ఫాలు ఇక్కడ బోలెడు, ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది. డీలర్‌ని జపాన్ ఆక్షన్ షీట్, అంటే అక్కడ వేలంలో అమ్మినప్పుడు బండిని చూసి రాసిన కాగితం, అడగండి. అందులో గ్రేడ్, అక్కడ అమ్మినప్పటి కిలోమీటర్లు, గీతలు, సొట్టలు అన్నీ ఉంటాయి. గ్రేడ్ దగ్గర ఆర్ అని ఉంటే యాక్సిడెంట్ అయి రిపేర్ చేసిన బండి అని అర్థం. షీట్ లేదంటే, ఇక్కడికొచ్చాక వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ) చేసిన ప్రతిసారీ మీటర్ రీడింగ్ రికార్డు అవుతుంది, నంబర్ ప్లేట్‌తో ఆన్‌లైన్‌లో చూడొచ్చు, అంకెలు ఎక్కడైనా వెనక్కి వెళ్లాయేమో చూసుకోండి.

ఇంకో మాట. డీలర్ దగ్గర కొంటే 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం మీకు అండగా ఉంటుంది, గొడవైతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. సొంత ఓనర్ దగ్గర కొంటే ఆ చట్టం వర్తించదు. అందుకే ఎస్టిమా మీద ఎవరి అప్పైనా ఉందేమో పీపీఎస్ఆర్‌లో (బండ్ల లాంటి వాటి మీద ఉన్న అప్పులు నమోదయ్యే ఆన్‌లైన్ రిజిస్టర్) తప్పకుండా వెతకండి, ఉంటే ఫైనాన్స్ కంపెనీ వచ్చి బండి పట్టుకుపోవచ్చు. మా తమ్ముడికి దాదాపు అలాగే అయింది, ఆఖరి నిమిషంలో చూసుకున్నాడు కాబట్టి బతికిపోయాడు.

గుంటూరు గ్యారేజ్:
చెల్లెమ్మా, నేను ఇక్కడ వర్క్‌షాప్‌లోనే పని చేస్తాను. ఆ ఏళ్ల 2.4 ఇంజిన్లలో కొన్ని ఆయిల్ తాగుతాయి. ఓనర్‌కి ముందే చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ వస్తుందా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంత ఉంది, ఎన్నాళ్లకోసారి పోస్తున్నారు, ఇవి చూడండి, అడగండి. ఆల్ఫాకైతే హైబ్రిడ్ బ్యాటరీ టెస్ట్ చేయించండి, ఈజీఆర్ (పొగని కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే భాగం) ఎప్పుడైనా క్లీన్ చేశారా అడగండి, అది మూసుకుపోతే తర్వాత హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగంలో ఉండే సీల్, పాడయ్యేదాకా వస్తుంది. ఏది కొన్నా డబ్బిచ్చే ముందు, అమ్మేవాడితో సంబంధం లేని చోట ఇన్‌స్పెక్షన్ చేయించండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. వారెంట్ ఉందిగా అని ఊరుకోకండి, ఆ రోజుకి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే అది చెబుతుంది, ఇంజిన్ లోపల ఏముందో చెప్పదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఇంజిన్ సంగతి వాళ్లు చెప్పారు, నేను సీట్ల గురించి చెబుతాను. పిల్లల సీట్లు రెండూ, వీలైతే ఇంట్లో అందరినీ తీసుకెళ్లి ఎక్కించి చూడండి. ఆల్ఫాలో మూడో వరస చాలా ఇరుకు, మధ్య వరసలో రెండు చైల్డ్ సీట్లు బిగిస్తే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెనక్కి ఎలా వెళ్తారు? ఎస్టిమాకి పక్కకి జరిగే తలుపులు, లోపల చోటు ఎక్కువ. ఇంకా ముఖ్యం, చైల్డ్ సీట్ పైపట్టీ తగిలించే బోల్ట్ జపాన్ బండ్లలో చాలాసార్లు ఉండదు. బోల్ట్‌కి రంధ్రం ముందే ఉంటే చిన్న పని, లేకపోతే పెద్ద తలనొప్పి. మేం ఇది కొన్నాక తెలుసుకుని రెండు వారాలు బండి వాడలేకపోయాం. నావిగేషన్ జపనీస్‌లో ఉన్నా, రేడియోలో ఇక్కడి స్టేషన్లు సగం రాకపోయినా పర్వాలేదు, వాటి కోసం మంచి బండి వదులుకోకండి.

ఉత్తరాంధ్ర అమ్మాయి:
మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న సీట్లు పట్టుకెళ్లాం. ఆల్ఫాలో నేనే మూడో వరసలో పట్టలేదు, అత్తయ్య అసలు కూర్చోలేరు, దాన్ని వదిలేశాం. ఎస్టిమా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాం, పొగ రాలేదు కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీతకి దగ్గరగా ఉంది. ఓనర్ దాచలేదు, రెండు నెలలకోసారి పోస్తానన్నారు. అప్పు ఏమీ లేదు, బోల్ట్ రంధ్రాలు ఉన్నాయి. గురువారం ఇన్‌స్పెక్షన్ బుక్ చేశాం. గుంటూరు అన్నయ్యా, రెండు నెలలకి ఒక లీటర్ అంటే మరీ ఎక్కువా? ఓనర్ వారానికి 200 కిలోమీటర్లు నడుపుతారట.

గుంటూరు గ్యారేజ్:
అంటే 1,700 కిలోమీటర్లకి లీటర్ అన్నమాట. ఆ వయసు ఇంజిన్‌కి భయపడేంత కాదు కానీ రేటు తగ్గించమని అడగడానికి సరిపోతుంది. గురువారం రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టమ్మా, చూసి చెబుతాను.