8 నెలల బాబుకి మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి: చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది గుంటూరు. మా అక్క కొడుక్కి 8 నెలలు. నాలుగో నెల నుంచి కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. న్యుమోనియా తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. పుట్టగానే బీసీజీ టీకా వేసిన చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. చివరికి స్కిడ్ అని తేలింది, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదట. ఇప్పుడు విజయవాడలో ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మూలకణాలు ఇవ్వడానికి తోబుట్టువులు లేరు. బావగారి మూలకణాలు సగమే కలుస్తాయి, అయినా వాటితో మార్పిడి చేయొచ్చంటున్నారు. ఇన్ఫెక్షన్ తగ్గేదాకా ఆగాలని ఒక డాక్టరు, ఆగితే చెయ్యి దాటిపోతుందని ఇంకొకరు. ఊపిరితిత్తులు ఇలా ఉన్నప్పుడే మార్పిడి చేయించినవాళ్లున్నారా? వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి ఇంత పసిబిడ్డను ఆక్సిజన్‌తో ఎలా తీసుకెళ్లారు? అక్కడ ఎన్ని నెలలు గది తీసుకుని ఉండాల్సి వచ్చింది?