ఆన్‌లైన్ సేవా క్లబ్‌లో స్నేహం ఎలా కుదురుతుంది?

ప్రశ్న:
మాది పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే వాలంటీర్ క్లబ్. చందాలు వేసుకుంటాం, పంపాల్సిన చోటికి పంపుతాం, అంతే. మీటింగ్‌లో సగం మంది కెమెరా ఆపేసి కూర్చుంటారు, ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదు. డబ్బు కాకుండా అందరం కలిసి చేయి వేసే పని ఏదైనా ఉందాండీ? మనుషులు దగ్గరవ్వాలని నా ఆరాటం.

జవాబు:
ఉందండీ, మ్యాపింగ్ చేయండి. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూసి, ఎవరైనా గీయగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు గీస్తే, సహాయ బృందాలు అదే మ్యాప్ వాడుకున్నాయి. ఇప్పటికీ ఇలాంటి పనుల్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి ఇస్తారు, ఒకరు గీస్తే ఇంకొకరు సరిచూస్తారు. గంటసేపు కాల్ పెట్టుకుని అందరూ ఒకే ప్రాంతం పట్టుకోండి, "ఇది కాలువా, దారా?" అని ఒకరినొకరు అడుగుతూ చేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

జవాబు:
పై మాటే నాదీ. చదవడం ఇష్టమైతే డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అనే వెబ్‌సైట్ కూడా ఉంది, 2000 నుంచి నడుస్తోంది, పాత పుస్తకాల పేజీలు సరిదిద్దడమే పని. బీ మై ఐస్ అనే యాప్ మాత్రం ఎవరికి వారు చేసే సాయం. చూపు లేనివాళ్లు వీడియో కాల్ చేస్తే మనం చూసి చెప్పాలి. చాలా మంచి పనే గానీ మీరడిగిన కలివిడి అందులో రాదు.

జవాబు:
పని లేకుండా ఊరికే మాట్లాడుకునే సమయం కూడా పెట్టండి, దాన్ని వృథా అనుకోవద్దు. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన రోటరీ కూడా మొదట పరిచయాలు, స్నేహం కోసమే కలిసింది, సేవ తర్వాత తోడైంది. ఇంకోటి, ఎవరైనా వరసగా మీటింగులకి రాకపోతే గ్రూపులో అడగకండి, విడిగా ఫోన్ చేసి బాగున్నారా అని కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఈ ఆదివారమే మ్యాపింగ్ పెడుతున్నాం. కొత్తవాళ్లకి ముందు ఏం నేర్పాలి?

జవాబు:
ఇళ్లు గీయడం. రోడ్లు తర్వాత.