ఫ్రీ దర్శనమా, ధర్మదర్శనమా?

'ఫ్రీ'కి తెలుగు మాట ఏమిటంటే చాలామంది 'ఉచితం' అనేస్తారు. సగం చోట్ల అది అతకదు. 'సాయంత్రం ఫ్రీయేనా?' అన్నప్పుడు అడిగేది తీరిక. 'ఆయన అందరితో ఫ్రీగా ఉంటాడు' అంటే కలుపుగోలు మనిషి అని. 'షుగర్ ఫ్రీ' అంటే చక్కెర లేనిది. వీటితో పేచీ లేదు, సందర్భాన్ని బట్టి మాట దొరుకుతుంది.

డబ్బు పుచ్చుకోకుండా ఇవ్వడం అనే అర్థం దగ్గరే నాకు పట్టింపు. ఈమధ్య తిరుపతి బస్టాండులో ఒక అవ్వ, చంకలో గుడ్డసంచి, కొంగు పట్టుకుని చిన్న మనవరాలు, 'ధర్మదర్శనానికి యాడికి పోవల్ల నాయినా?' అని ఒక కుర్రాడిని అడిగింది. అతను తెల్లమొహం వేశాడు. 'ఫ్రీ దర్శనం' అని నేను అందిస్తే, వెంటనే ఎదురుగా ఉన్న శ్రీనివాసం యాత్రికుల వసతి భవనం వైపు చెయ్యి చూపించాడు. బోర్డుల మీద ఇప్పుడు 'సర్వదర్శనం' అని ఉంటుంది. అదీ మంచి మాటే, అందరికీ అని. కానీ అవ్వ మాట పోతోందే అని నాకు మనసు కలుక్కుమంది.

'ఉచితం' అంటే సంస్కృతంలో తగినది. సముచితం, అనుచితం అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే. తెలుగులో అది వెల లేనిదిగా మారింది. వెల లేదంటుంది, ఎందుకు లేదో చెప్పదు. 'ధర్మ' చెబుతుంది. ధర్మసత్రం, ధర్మాసుపత్రి అన్నప్పుడు పెట్టడం పెట్టేవాడి విధి. పుచ్చుకునేవాడు తల దించుకోనక్కర్లేదు.

ఇంగ్లీషు మాట పుట్టుక కూడా చూడండి. 'ఫ్రీ', 'ఫ్రెండ్' రెండూ ప్రేమించడం అనే అర్థమున్న పాత ధాతువు నుంచి వచ్చాయి. మన 'ప్రియ'ది కూడా అదే వేరు. ఇంట్లో అయినవాళ్ళు, అంటే బానిసలు కానివాళ్ళు, అలా 'ఫ్రీ' అయ్యారని భాషావేత్తలు వివరిస్తారు. పైసా తీసుకోకపోవడం అనే అర్థం తర్వాత చేరింది. ఆ ప్రియమే మన సీమలో 'పిరం' అయి, టమోటాలు పిరమైనాయి అంటే ధర మండుతోందని అర్థం. ఒకే వేరుకు పుట్టి ఒకటి ఊరికే ఇస్తానంటోంది, ఇంకోటి కొనలేవంటోంది!

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు 'ధర్మ'తో ఇంకేమేం మాటలు అనేవారో రాయండి. మా అమ్మమ్మ 'ధర్మానికి చెప్పు' అనేది, న్యాయంగా చెప్పమని.