చర్చ: ఎనిమిదో తరగతి పిల్లల చేత ‘నా లక్ష్యం’ చార్టు రాయించడం అవసరమా?

లంక బడి టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు):

కోనసీమలో గోదావరి పాయ పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లల్లో సగం మంది ఏటి మధ్యలో ఉన్న లంకల నుంచి వస్తారు. తల్లిదండ్రుల సమావేశం వస్తోందంటే మా దగ్గర ఒక తంతు ఉంది. ప్రతి పిల్లా, పిల్లాడూ రంగు కాగితం మీద ఫొటో అంటించి, కింద ‘నా లక్ష్యం’ అని రాసి గోడకి పెట్టాలి. ఈసారి ఎనిమిదో తరగతి గోడ మీద కలెక్టర్లు పదకొండు మంది, డాక్టర్లు తొమ్మిది మంది, పోలీసులు ఆరుగురు. మిగతా వాళ్లంతా సాఫ్ట్‌వేరు. ఒకడు మాత్రం ‘జేసీబీ ఆపరేటర్’ అని రాశాడు. పక్కవాళ్లు నవ్వితే మర్నాటికల్లా దాన్ని కొట్టేసి ‘ఇంజినీర్’ అని దిద్దుకున్నాడు. నిజానికి ఆ గోడ మీద ఆలోచించి రాసింది వాడొక్కడే అని నా అనుమానం. ఏటిగట్టు పని జరిగినన్నాళ్లూ వాడు ఆ బండి దగ్గరే ఉన్నాడు.

కలెక్టరు ఏం చేస్తారో చెప్పండర్రా అని అడిగాను. ‘వరదొస్తే పడవలో వస్తారు సార్’ అన్నారు. 2022 జూలైలో వాళ్లు చూసింది అదే మరి. సరే, నీకు ఏ సబ్జెక్టు ఎందుకు కష్టం, ఏ పని చేస్తుంటే టైమ్ తెలీదు అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు.

నా మాట ఇది. ఈ చార్టు పిల్లల కోసం పెట్టేది కాదు, సమావేశానికి వచ్చి చూసేవాళ్ల కోసం. పదమూడేళ్ల వయసులో ముందు తన సంగతి తను గమనించుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో అయ్యే పని ఒకటి పెట్టుకోవాలి. కలెక్టరు ఎక్కడికీ పారిపోడు. చార్టు తీసేసి, పిల్లలు తాము గమనించుకున్నది రాసుకునే ఒక నోట్‌బుక్ పెడదామన్నందుకు మా స్టాఫ్‌రూమ్ రెండుగా చీలిపోయింది. మీరేమంటారు?

భీమవరం చెరువులు:

మాష్టారూ, ఏమీ అనుకోకండి. మా తాత కూలీ, మా నాన్న కౌలు రైతు, నేను లీజుకి రొయ్యల చెరువు చేస్తున్నాను. మా ముగ్గురిలో ఎవర్నీ ‘నువ్వేమవుతావురా’ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పోయిన సమావేశంలో మా అమ్మాయి మైకు పుచ్చుకుని కలెక్టర్ అవుతానంది. ఆ రోజు నుంచి మా అమ్మ ఇంట్లో దాని పెళ్లి మాట ఎత్తడం మానేసింది. అంతకుముందు మేనరికం గురించి రోజూ గోలే. కలెక్టరు ఏం చేస్తాడో మా పిల్లకి తెలీకపోవచ్చండి, నష్టమేంటి? ఉన్నవాళ్ల పిల్లలు ఇంట్లోనే పెద్ద మాటలు వింటూ పెరుగుతారు. మా పిల్లలకి ఆ గోడొక్కటే దిక్కు. దాన్నీ పీకేస్తానంటున్నారు మీరు.

విజయం మన చేతుల్లో:

రాసుకున్న లక్ష్యానికే బలం ఉంటుంది అనడానికి రుజువు ఉందండి. 1953లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చదువు పూర్తి చేసిన వాళ్లలో 3 శాతం మందే లక్ష్యం రాసుకున్నారట. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది దగ్గర కలిపి ఉన్న ఆస్తి కంటే వాళ్ల ఆస్తే ఎక్కువట. మా కాలేజీకి వచ్చిన ట్రైనర్ స్లైడ్ వేసి మరీ చూపించారు.

కాకినాడ సైకాలజీ:

ఆ యేల్ కథ నిజం కాదండి. అలాంటి అధ్యయనమే జరగలేదు. 1996లో ఒక అమెరికన్ పత్రిక ఆరా తీస్తే ఎవరి దగ్గరా కాగితం ముక్క కూడా దొరకలేదు. అయినా మన దగ్గర ప్రతి మోటివేషన్ క్లాసూ దాంతోనే మొదలవుతుంది.

నిజంగా జరిగినది ఒకటి చెబుతాను. 1981లో ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కలంటే పడని, లెక్కల్లో బాగా వెనకబడిన చిన్నపిల్లల్ని తీసుకున్నారు. మొత్తం 42 పేజీల తీసివేత లెక్కలు, ఏడు సిట్టింగులు. కొందరికి ‘రోజుకి ఆరు పేజీలు చేయడం లక్ష్యంగా పెట్టుకోండి’ అన్నారు. ఇంకొందరికి ‘చివరికల్లా 42 పేజీలూ అవ్వాలి’ అన్నారు. మరికొందరికి లక్ష్యం ఊసే ఎత్తలేదు. రోజుకి ఆరు పేజీల వాళ్లు లెక్కల్లోనే కాదు, ‘నేను చేయగలను’ అనే నమ్మకంలోనూ, తమంతట తాము ఇంకా చేద్దామనే ఇష్టంలోనూ ముందున్నారు. అసలు సంగతి ఇక్కడుంది. దూరపు లక్ష్యం పెట్టిన పిల్లలకీ, ఏ లక్ష్యమూ పెట్టని పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మన గోడ మీదున్నవన్నీ ఆ 42 పేజీల రకమే. ఇంకా చెప్పాలంటే నలభై రెండు వేల పేజీల రకం.

భీమవరం చెరువులు గారూ, మీ ఇంట్లో జరిగింది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ మైకు పనిచేసింది నానమ్మ మీద. అమ్మాయి చదువు మీద ఏం పనిచేసిందో వేరే చూడాలి.

భీమవరం చెరువులు:

నానమ్మ మీద పనిచేస్తే చాలదా అండీ? ముందు పిల్ల బడిలో ఉంటేనే కదా మీ ఆరు పేజీలూ.

గణితం మేడమ్:

నేను ఎవరి పక్షమూ కాదు. టైమ్ ఎక్కడిదని అడుగుతున్నానంతే. పొద్దున్నే హాజరు యాప్, మధ్యాహ్నం భోజనం యాప్, ఆమధ్య దాకా బాత్రూమ్ ఫొటోలు కూడా. పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక సరేసరి. ఇప్పుడు ఈ నోట్‌బుక్ మొదలైతే పై ఏడాదికి దానికీ ఒక రిజిస్టరు వస్తుంది, నెల తిరక్కుండా ‘ఎంతమంది పిల్లలకి ఆత్మావగాహన కలిగింది’ అని ఒక కాలమ్ వస్తుంది. జాతీయ విద్యావిధానం 2020 ప్రోగ్రెస్ కార్డులో పిల్లలే తమని తాము అంచనా వేసుకునే భాగం ఉండాలంటోంది. ఆలోచన మంచిదే. మన చేతికొచ్చేసరికి టిక్కులు పెట్టే కాగితం అవుతుందని నా టెన్షన్.

పాలకొల్లు అమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబు చదివే ప్రైవేటు స్కూల్లో పది వేళ్ల ముద్రలూ తీసుకుని, పుట్టుకతో వచ్చిన తెలివి ఏ రకమో చెప్తామని రిపోర్టు ఇచ్చారు. ఫీజు బాగానే తీసుకున్నారు. ‘మీ వాడికి నాయకత్వ లక్షణాలున్నాయి, కానీ ఒక్కోసారి తన మీద తనకే సందేహం’ అని రాసుంది. అచ్చం మావాడే! దాన్ని బట్టి ఎంపీసీనా, బైపీసీనా అని తేల్చుకోవచ్చంటారా?

కాకినాడ సైకాలజీ:

అమ్మా, దాన్ని పక్కన పెట్టేయండి. వేలిముద్రలకీ తెలివితేటలకీ ముడిపెట్టే ఆ పరీక్షకి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘమే చెప్పింది. ‘అచ్చం మావాడే’ అని మీకెందుకు అనిపించిందంటే ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది. నాకూ సరిపోతుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే ఆయన తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, అందరి చేతుల్లోనూ ఒకే వర్ణన పెట్టాడు. నీకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. జ్యోతిషం పుస్తకాలు చూసి ఏరిన వాక్యాలవి. అందుకే బాబు గురించి రిపోర్టుని అడగడం కంటే, సెలవు రోజున ఎవరూ చెప్పకుండా వాడు ఏం చేస్తున్నాడో ఓ నెల గమనించండి. ఎంపీసీనా, బైపీసీనా అన్నది అప్పుడు వాడితోనే కూర్చుని మాట్లాడవచ్చు.

నూజివీడు పాత బ్యాచ్:

మా ఊరు రాజోలు వైపు. చార్టు మంచిదో చెడ్డదో నాకు తెలీదు, నా అనుభవం చెబుతాను. తొమ్మిదో తరగతిలో నా లక్ష్యం నూజివీడు ట్రిపుల్ ఐటీ. అది గోడ మీద ఎవరో రాయించింది కాదు. మా వీధిలో ఒక అన్నకి పదో తరగతి మార్కుల మీద సీటొచ్చింది. సెలవులకి వచ్చినప్పుడు ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు పోతే ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పేవాడు. దాంతో ఏం చేయాలో కళ్ల ముందే ఉండేది. సీటు వచ్చింది.

చిక్కంతా ఆ తర్వాతే. అది ఆరేళ్ల కోర్సు. మొదటి రెండేళ్లూ ఇంటర్ లాంటి పీయూసీ అయ్యాక బ్రాంచి ఎంచుకోవాలి. నాకేది ఇష్టమో నన్ను నేను ఎప్పుడైనా అడిగితే కదా! మా రూమ్మేట్ ఏది పెట్టాడో నేనూ అదే పెట్టాను. నాలుగేళ్లు ఈడ్చాను. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికీ ఆ బ్రాంచికీ సంబంధమే లేదు. అంచేత మాష్టారు చెప్పేదాంట్లో లక్ష్యం ముక్క కంటే, ఆ గమనించుకోవడం అనే ముక్కే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. లక్ష్యాలు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు.

కువైట్ నుంచి ఓ అమ్మ:

నేను ఇక్కడ ఇంటిపనిలో ఉన్నాను. మా పాప అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. మీరంటున్న నోట్‌బుక్ లాంటిదే పాప ఇదివరకు చదివిన బడిలో పెట్టారు. ‘నా బలాలు, నా బలహీనతలు’ అని రాయమన్నారు. పాప బలహీనతల కింద ‘నాన్న తాగొచ్చిన రోజు చదవలేను’ అని రాసింది. ఆ టీచరు గారు ఎంత నిజాయితీగా రాసిందో చూడండని మెచ్చుకుంటూ క్లాసులో పైకి చదివారు. తిట్టలేదు, మెచ్చుకున్నారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. పాప వారం రోజులు బడికి పోలేదు. తర్వాత బడి మార్పించాం. చార్టయితే ఆ గొడవ లేదు, డాక్టర్ అని రాసేస్తే అయిపోతుంది. మాష్టారు గారూ, మీ నోట్‌బుక్ ఎవరు చదువుతారు?

గణితం మేడమ్:

ఇది అసలైన ప్రశ్న. నా టైమ్ గొడవ దీని ముందు ఏపాటిది!

లంక బడి టీచర్:

అమ్మా, మీరడిగింది ముందు చెబుతాను. మా ఎనిమిదో తరగతిలో నోట్‌బుక్ మొదలుపెట్టి చూస్తున్నాను. ఏ పేజీ నేను చదవకూడదో పిల్లలే పైన మూలకి ఒక గీత గీస్తారు. ఆ పేజీ తిప్పేస్తాను. పుస్తకం ఇంటికి పోదు, బీరువాలో ఉంటుంది, తాళం నా దగ్గర. పైకి చదవడం అనేది ఉండదు. ‘బలహీనతలు’ అనే శీర్షికే పెట్టలేదు. పదమూడేళ్ల పిల్లని నీ లోపాలు రాయమంటే ఇంట్లో తిట్టిన తిట్లే రాస్తుంది. ఇంకో సంగతి. పిల్లకి ప్రమాదం అనిపించే విషయం నా కంట పడితే మాత్రం ఊరుకోను, పెద్దవాళ్లకి చెప్పి తీరతానని మొదటి రోజే వాళ్లతో అన్నాను. దాచిపెడతానని ఉత్తుత్తి మాట ఇవ్వలేను కదా.

ఇక అందులో ఏముంటుంది అంటే, ఒక పేజీ చూపిస్తాను. ఆ అబ్బాయి నన్ను పెట్టమన్నాడు, పేరు లేకుండా.

‘సోమవారం. రాత్రి ఎనిమిదిన్నరకి సైన్సు తీశాను. నిద్ర. మంగళవారం. మళ్లీ నిద్ర. బుధవారం. కరెంటు పోయింది, చెరువు దగ్గర ఏరియేటర్లు ఆగితే నాన్న జనరేటర్ వేయమన్నాడు. చదవలేదు. గురువారం. నాన్న తెల్లారగట్ల మేత చల్లడానికి లేచాడు. నేనూ లేచాను. గంట చదివాను. నిద్ర రాలేదు. లెక్కల్లో భిన్నాలు నాలుగు సరిగ్గా వచ్చాయి, కాలం-పని లెక్క ఒక్కటీ రాలేదు.’

దాని కింద వాడే రాసుకున్నాడు: ‘నాన్న లేస్తే నేను లేస్తాను. కాలం పని లెక్కలు రోజుకి మూడు. శనివారం సార్‌కి చూపిస్తాను.’

ఎవరూ చెప్పకుండా వాడు కనిపెట్టినవి రెండున్నాయి. ఒకటి, తన బుర్ర రాత్రి పనిచేయదు. రెండు, తనకి లెక్కలు రావని ఇన్నాళ్లూ అనుకున్నాడు గానీ, రానిది ఆ ఒక్క రకమే. ‘బాగా చదవాలి’ అని గోడ మీద ఎన్నిసార్లు రాసినా ఆ రెండూ తెలిసేవి కావు. వీడు ఎన్‌ఎంఎంఎస్ రాస్తాడు. తెలీని వాళ్ల కోసం: ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. మా పిల్లలకి కంటికి కనిపించే లక్ష్యం అంటే అదీ. తొంభై ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, తొంభై సబ్జెక్టు. ఏది రాదో ముందే తెలిసిన పిల్లకి ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

మేడమ్ గారూ, టైమ్ సంగతి. శనివారం చివరి పీరియడ్, అదీ ఎనిమిదో తరగతికే. పదో తరగతి జోలికి పోను. రిజిస్టరు పెట్టను. ఎవరైనా వచ్చి లెక్క అడిగితే బీరువా చూపిస్తాను.

భీమవరం చెరువులు:

కుర్రాడి పేజీ బాగుందండి. ఆ జనరేటర్ సంగతి చదివితే మా ఇల్లే కనిపించింది. కానీ మీరు ఒక మాట దాటేశారు. వీడు 12,000 తెచ్చుకుంటాడు, సంతోషం. ఇంటర్ అయ్యాక? చెరువు గట్టు మీద వాళ్ల నాన్న పక్కన నిలబడతాడా? చిన్న లక్ష్యాలతోనే సరిపెట్టుకోమని మాకే చెబుతారు. హైదరాబాదులో ఏసీ స్కూలు పిల్లాడికి ఎవరూ చెప్పరు. వాడు ఏడో తరగతిలోనే ఐఐటీ అంటాడు, వాళ్ల ఇంట్లో అవునంటారు.

కాకినాడ సైకాలజీ:

ఈ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదండి. ఒకటే చెప్పగలను. గాబ్రియెల్ ఎట్టింగెన్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి చూసింది ఇదే. గెలిచినట్టు ఊహించుకుని మురిసిపోయేవాళ్లు తర్వాత తక్కువ కష్టపడుతున్నారు. కోరికనీ దానికి అడ్డుపడేదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లు, దారి ఉంటే గట్టిగా పట్టుకుంటున్నారు, లేదంటే వదిలి ఇంకోటి వెతుక్కుంటున్నారు. పెద్ద కలని ఆవిడ వద్దనలేదు. అడ్డంకి పేరు కూడా రాసుకోమంది. మన చార్టులో కలకి చోటుంది, అడ్డంకికి చోటు లేదు.

లంక బడి టీచర్:

చెరువులు గారూ, మీరన్నది కాదనలేను. ఈ నెలాఖరు సమావేశానికి మా హెడ్మాస్టరు గారు చార్టు ఉండాల్సిందే అన్నారు. సరేనన్నాను, కాకపోతే అదే కాగితం మీద కింద రెండు గీతలు గీయించాను. ‘దీనికి అడ్డం ఏమిటి’, ‘ఈ నెల ఏం చేస్తాను’. ఇంట్లో విషయాలు ఇక్కడ రాయొద్దని, అవి నోట్‌బుక్‌లోనే ఉంచుకోమని చెప్పాను. మైకు ముందు మాట్లాడాలనుకున్న వాళ్లు మాట్లాడతారు, బలవంతం లేదు.

జేసీబీ కుర్రాడు ఇంకా ఏమీ రాయలేదు. ఇంజినీరు, ఆపరేటరు ఇద్దరిలో బండి నడిపేది ఎవరు సార్ అని అడిగాడు. ఐటీఐ సంగతీ, పాలిటెక్నిక్ సంగతీ చెప్పాను. ఇంటికెళ్లి ఆలోచిస్తానన్నాడు.

భీమవరం చెరువులు:

అడ్డం ఏమిటి అన్నచోట మా అమ్మాయి ‘ఇంగ్లీషు’ అని రాస్తుంది, నాకు తెలుసు. దానికి బడి ఏం చేస్తుందో కూడా ఆ సమావేశంలోనే చెప్పండి మాష్టారూ. మైకు ముందు మీరూ నిలబడాలి మరి.