‘అదే పదివేలు’: పోతన కందంలో ‘వగవక’ దేనికి అతుకుతుంది?

ప్రశ్న:
భాగవతం అష్టమ స్కంధం, వామన చరిత్ర. మూడడుగులు చాలన్న వటువు బలిచక్రవర్తితో చెప్పే కందం:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తం బగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

భావం తెలుస్తూనే ఉంది, అన్వయం దగ్గరే చిక్కు. ‘వగవక’ అంటే విచారించకుండా అని కదా. విచారించకుండా ఉన్నవాడు ‘తృప్తిం జెందని’ వాడెలా అయ్యాడు? ఇంకొకటి, మనం రోజూ అనే ‘అదే పదివేలు’ ఇదేనా?

జవాబు 1:
‘పేచీ పెట్టకుండా అన్నం తినని పిల్లాడు’ అనండి. ఆ పిల్లాడు పేచీ పెడతాడా, పెట్టడా? పెడతాడు! చివరి ‘తినని’లో ఉన్న వ్యతిరేకం ఒక్క తినడానికే పరిమితం కాదు, ‘పేచీ పెట్టకుండా తినడం’ అన్న మొత్తాన్నీ కాదంటోంది. ఇక్కడా అంతే. ‘ఆశ నలుదిక్కులా పాకనీయక, లేనిదానికి వగవక, దొరికిన పిసరంతనే పదివేలనుకుని తృప్తిపడటం’ ఒక మూట. ‘చెందని’ ఆ మూటనంతా కాదంటుంది. అలా తృప్తిపడనివాడు ఏడు ద్వీపాలు దక్కినా బాగుపడతాడా అని ప్రశ్న. టీకల్లో పదానికి పదం అర్థం ఇచ్చి వదిలేస్తే ఈ సంగతి జారిపోతుంది.

రూపం కూడా చూడండి. వగచు → వగవక. పిలుచు → పిలువక, తలచు → తలవక లాగే చు స్థానంలో వ వచ్చింది.

జవాబు 2:
ప్రాసాక్షరం (ప్రతి పాదంలో రెండో అక్షరం) ‘ప్త’. వ్యాప్తి, ప్రాప్తం, తృప్తి, సప్త. వీటిలో వ్యాప్తి, ప్రాప్తం రెండూ ‘ఆప్’ ధాతువు బిడ్డలే: వి+ఆప్తి అన్ని వైపులా పరుచుకోవడం, ప్ర+ఆప్తం చేతికి అందినది. చాలినంత అని అర్థమున్న ‘పర్యాప్తం’ కూడా ఆ ఇంటిదే. తృప్తి మాత్రం ‘తృప్’ ధాతువు, చుట్టం కాదు.

ఇక పదివేలు. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదిరే మైత్రి) ‘ప్రాప్తం’కీ ‘బదివే’కీ పడింది. (లేశమైనన్ అని చివర ద్రుతం, అంటే నకారం, ఉంది కాబట్టి పకారం బకారమైంది.) అందిన వస్తువూ దానికి కట్టిన విలువా యతి దగ్గర కలుసుకున్నాయి. యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటగా ఉంది.

సంస్కృత మూలంలో 19వ అధ్యాయం చూస్తే సప్తద్వీపాల ప్రస్తావన ఉంది, ‘యదృచ్ఛయోపపన్నేన సంతుష్టో వర్తతే సుఖమ్’ అనీ ఉంది. పదివేలు లేదు. ఆ ఊసు పూర్తిగా తెలుగుదే.

జవాబు 3:
నేటి ‘అదే పదివేలు’ ఇదే. అది అంకె కాదనడానికి పరీక్షలు తేలిక. ‘ఇరవైవేలు’ అని పెంచలేం. ‘పదివేల రూపాయలు’ అనగానే నుడికారం చచ్చి లెక్క మిగులుతుంది. ‘అది పదివేలు కాదు’ అన్నా అంతే. ‘అదే’లోని ఏకారం తీసేసినా వాక్యం చప్పబడిపోతుంది.

సరిపెట్టుకోవడం వేరు. సరిపెట్టుకున్నవాడి లోపల ఫిర్యాదు అలాగే ఉంటుంది, నోరు మాత్రం మూసుకున్నాడు. ‘వాళ్లకంటే నయం’ కూడా ఈ కోవ కాదు, అక్కడ పక్కవాడి కష్టం మన కొలబద్ద అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్వయం విడిపోయింది, సంతోషం. విచారం వైపు లాగే మనసును మళ్లించడానికి ఈ పద్యాన్ని వాడుకోవచ్చంటారు. మాటగా అది పనిచేస్తుందా?

జవాబు 3:
‘కానీ’ని ఎక్కడ పెడుతున్నారో గమనించండి. ‘పని దొరికింది కానీ జీతం తక్కువ.’ ‘జీతం తక్కువే కానీ పని దొరికింది.’ రెండిట్లోనూ సమాచారం ఒకటే. తెలుగు వాక్యంలో బరువు చివరికి జారుతుంది, అందుకే మొదటిది దిగులుగానూ రెండోది ఊరటగానూ వినిపిస్తుంది. ‘అదే పదివేలు’ రెండోదానికే అతుకుతుంది, మొదటిదానికి అతికించి చూడండి, అతకదు.

రోజూ పడుకునే ముందు ఆ రోజు దక్కిన మేలు గురించి మూడు వాక్యాలు రాసుకునేవారికి పద్యమే నియమాలు ఇస్తోంది. ‘ప్రాప్తం’ కాబట్టి ఇప్పటికే జరిగినదే రాయాలి, రేపు వస్తుందనుకున్నది పనికిరాదు. ‘లేశం’ కాబట్టి చిన్నదీ నిర్దిష్టమైనదీ కావాలి. ‘ఆరోగ్యం ఉంది, అదే పదివేలు’ అని దినదినం రాస్తే వారానికల్లా అది రామకోటి అవుతుంది, చెయ్యి రాస్తుంది, మనసు ఎటో ఉంటుంది. ‘మధ్యాహ్నం మోకాలు నొప్పి లేకుండా మూడంతస్తులు ఎక్కాను’ అన్నది నిలుస్తుంది. లోటు కూడా ఉంటే దాన్ని దాచక్కర్లేదు, ‘కానీ’కి ముందు పెట్టండి.

జవాబు 4:
ఒక జాగ్రత్త. ఈ మాట పోగొట్టుకున్నవాళ్లు అనాలి, చూడటానికి వచ్చినవాళ్లు కాదు. ‘కాలేగా విరిగింది, ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అని మంచం పక్కన కూర్చుని అంటే ఓదార్పు కాదు, నోరు నొక్కడం. అలాగే రావలసిన బకాయి అడిగిన కూలీకి ఈ పద్యం వినిపించడం దుర్వినియోగం. లేశంతో తృప్తిపడమన్నాడు, హక్కు వదులుకోమనలేదు.

ఎగతాళి వాడుకా ఉందిగా: ‘ఫోనెత్తాడు, అదే పదివేలు.’ ఎత్తడన్న నమ్మకం ముందే ఉంటే ఇది కృతజ్ఞత కాదు, దెప్పు.

జవాబు 2:
కృతజ్ఞత అన్నారు కాబట్టి: కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. ‘మేలెరిగినవాడు’ అన్న తెలుగుమాట సరిగ్గా అదే నిర్మాణం. రెండిట్లోనూ ఉన్నది ఎరుక, పొంగిపోవడం కాదు.

జవాబు 1:
ఇన్ని చెప్పాం, ఒకటి మరిచాం. ‘సంతుష్టుడీ మూడు జగములఁ బూజ్యుండు’ అని మొదలుపెట్టి, ఈ మూడడుగులే ఇమ్ము, ‘చాలుఁ జాలు’ అని అక్కడి సీసపద్యం ముగించింది ఎవరయ్యా అంటే, కాసేపట్లో రెండడుగులతో భూమ్యాకాశాలు కొలిచేసి మూడోదానికి చోటడిగినవాడే. పోతన ఆ ‘చాలు’ను రెండుసార్లు అనిపించడంలో కొంటెతనం ఉందని నాకు గట్టి అనుమానం.